ఐదవ హద్దు

మన ప్రాంతపు పాత క్రయ దస్తావేజును విప్పి చూచినచో రెండు విషయములు తప్పక కానవచ్చును. మొదటిది నాలుగు దిక్కుల హద్దులు: తూర్పున ఒకరి పొలము, దక్షిణమున పుంత, పడమర కాలువ గట్టు, ఉత్తరమున చెరువు. రెండవది అష్టభోగములు: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యములు. అనగా భూమిలో దొరకు నిధి, పాతిపెట్టిన సొమ్ము, నీరు, రాయి, తరుగని ఫలము, ముందు రాబోవు ఫలము, ఇప్పుడు చేతికందిన ఫలము, యత్నముచే సాధింపదగిన ఫలము - ఇవన్నియు కొన్నవానికే చెందునని భావము.

ఈ ఎనిమిది భోగములలో కొన్నిటిని రైతునొద్దనే యుంచి, కొన్నిటిని మాత్రము వేరుపరచి తీసికొను శాసనమొకటి 1962లో మన దేశమున వెలువడెను. భూమి రైతుదే, పట్టా రైతుదే, శిస్తు బాధ్యతయు రైతుదే. కాని నేలకు ఒక మీటరు క్రింద ఇనుప గొట్టము పరుచుకొని పోవును. నాలుగు హద్దులకు తోడు ఐదవ హద్దు ఏర్పడును. విశాఖపట్టణపు రేవు వద్ద పుట్టిన చమురు బాటలు అనకాపల్లి, గోదావరి, కృష్ణా సీమల పొలములక్రిందుగా సికిందరాబాదు వరకు సాగిన నేటి కాలమున, ఈ ఐదవ హద్దు చరిత్రను గ్రామీణులు తెలిసికొనుట అవసరము. దానిని సంగ్రహముగా వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

పరుల భూమిపై నడచు హక్కు మనకు క్రొత్తది కాదు. పుంత లేని గ్రామము లేదు. పై చేను తడిసిన పిదప బోదె క్రింది చేనికి పోవలెను. కళ్ళమునకు బండి దారి యుండవలెను. శవవాహకులకు శ్మశానపు త్రోవ యుండవలెను. ఈ హక్కులు ఏ కాగితమునను లేకున్నను పెద్దల నోటిమాటపై తరతరములుగా నిలిచినవి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ఈ ఆచారమునకు వ్రాతపూర్వకమైన రూపము నిచ్చెను. ఆ చట్టము మొట్టమొదట అమలునకు వచ్చిన ప్రాంతములలో మన మదరాసు రాజధాని యొకటి. దాని ప్రకారము, ఒకడు పొరుగువాని భూమిపై దారిని 20 సంవత్సరములు బహిరంగముగను, శాంతియుతముగను, అడ్డులేకుండను, హక్కుగ భావించి నడచినచో ఆ దారి అతనికి హక్కుగ స్థిరపడును.

ఈ పాత పద్ధతిలో గమనింపదగిన విశేషమొకటి కలదు. దారి ఇచ్చిన పొలమును, దారి పొందిన పొలమును ప్రక్కప్రక్కనే యుండును. ఈ యేడు దారి యిచ్చినవాడు మరునాడు నీటికై అవతలివానిని అడుగవలసినవాడే. కాబట్టి బేరము ఇరువురి అవసరముపై ఆధారపడి యుండెను. తగవు వచ్చినను రచ్చబండ వద్ద తేలెను. గొట్టపు బాటలో ఈ పరస్పరత లేదు. మేలు పొందువాడు వందల కిలోమీటర్ల దూరమున నున్న నగరవాసి. దారి ఇచ్చువాడు ఎలమంచిలి ప్రాంతపు రైతు. ఇరువురును ఒకరినొకరు ఎన్నడును చూడరు. నడుమ నున్నవి ప్రభుత్వము, సంస్థ, గెజిటు ప్రకటనము. ఈ భేదమును మరచి, పొరుగువానితో మాటలాడినట్లే గొట్టపు సంస్థతోను మాటలాడవచ్చునని తలచిన రైతు నష్టపోవును.

బేరమాడుటకు ముందు బేరమాడు అర్హత యుండవలెను గదా! విశాఖ మండలమున ఆ అర్హత రైతునకు వచ్చి ఎంతో కాలము కాలేదు. ఈ సీమలో అధిక భాగము విజయనగరము మొదలగు జమీందారీలలోనిది. 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమి చట్టము సాగుచేయు రైతునకు ఆక్రమణ హక్కును గుర్తించెను. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చిన పిమ్మటనే రైతు ప్రభుత్వమునకు నేరుగా శిస్తు కట్టు పట్టాదారు డయ్యెను. అనగా తన పేరిట పట్టా వచ్చిన ఒకటి రెండు తరములలోనే అతడు రేవుతోను, కర్మాగారములతోను, గొట్టములతోను వ్యవహరింపవలసి వచ్చెను.

విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఆ యేడు అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ ప్రవేశించెను. డిసెంబరు 19న రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు ప్రారంభోత్సవము జరిపెను. 1957లో రేవునకు చేరువనే, మల్కాపురము వైపున, కాల్టెక్సు సంస్థవారి చమురు శుద్ధి కర్మాగారము పని మొదలిడెను. 1976లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొనెను. తరువాత అది హిందుస్థాన్ పెట్రోలియం కార్పొరేషనులో విలీనమయ్యెను. 1970ల దశకముననే బాహ్య రేవును, మత్స్యకారుల కొరకు ఫిషింగ్ హార్బరును రూపొందినవి. ఫిషింగ్ హార్బరు గట్టున నిలిచి చూచినచో యారాడ కొండ ముక్కు, ఓడలు వచ్చిపోవు కాలువ, మరబోట్ల వరుసలు ఒకేచోట కానవచ్చును. చేపలకును చమురునకును ఒకే నీరు ద్వారమైనది.

ఇదే కాలమున ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసెను. దానికై ఇరువది వేల ఎకరములకు పైగా భూమి సేకరింపబడినది. అది 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద జరిగిన పూర్తి స్వాధీనము: ఊరు పోయినది, పొలము పోయినది, పేరు నిర్వాసితుడని మిగిలినది. ఉద్యోగముల కొరకు నిర్వాసితుల వారసులు దశాబ్దములపాటు అర్జీలు పెట్టుకొనుచునే యుండిరి. ఈ అనుభవము చూచిన పల్లెలవారికి, భూమిని తీసికొనక గొట్టము మాత్రము వేసి పోవుదుమను మాట తేలికగ తోచుట సహజము. కాని తేలికయని తోచినదానినే జాగ్రత్తగా పరిశీలింపవలెను.

భూమిని కొనక వాడుకొను హక్కును మాత్రము పొందు ఊహకు మూలము తంతి స్తంభములలో నున్నది. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము, ప్రభుత్వము స్తంభములు నాటిన భూమిపై వినియోగపు హక్కు తప్ప వేరు హక్కును పొందదనియు, సాధ్యమైనంత తక్కువ నష్టము కలిగించి, కలిగిన నష్టమునకు పూర్తి పరిహారము చెల్లింపవలెననియు విధించెను. అస్సాములోని నహర్‌కటియా చమురును బరౌనీ వరకు కొనిపోవు సుదీర్ఘమైన గొట్టము వేయబడుచున్న దినములలో, 1962లో, ఇదే సూత్రముపై పెట్రోలియం గొట్టముల చట్టము చేయబడినది. భూసేకరణకు కాలవ్యయము, ధనవ్యయము అధికమనియు, గొట్టము భూగర్భమున నుండును గనుక వినియోగపు హక్కు చాలుననియు ప్రభుత్వపు వాదము. 1977లో ఖనిజముల గొట్టములను గూడ చేర్చి చట్టపు పేరును విస్తరించిరి.

ఈ చట్టపు క్రమము నెరిగినగాని రైతు బేరమునకు చోటెక్కడనో తెలియదు. మొదట 3వ సెక్షను క్రింద కేంద్ర ప్రభుత్వము గెజిటులో ఉద్దేశ ప్రకటనము చేయును. సర్వే నంబర్లు అందే యుండును. భూమియందు ఆసక్తి గలవారు 21 దినములలోపల వ్రాతమూలకముగ అభ్యంతరము తెలుపవచ్చును. సమర్థాధికారి వారిని స్వయముగనో న్యాయవాది ద్వారానో విని తీర్మానింపవలెను. ఈ సమర్థాధికారి సాధారణముగా రెవెన్యూ శాఖనుండి వచ్చినవాడు. తరువాత 6వ సెక్షను ప్రకటనముతో వినియోగపు హక్కు ప్రభుత్వమునకు గాని, సంస్థకు గాని సంక్రమించును. తొలి ప్రకటనము జరిగిన ఒక యేడాదిలోపల ఈ రెండవ ప్రకటనము రానిచో మొదటిది చెల్లదు.

గొట్టము ఎక్కడ వేయరాదో చట్టమే చెప్పినది. నివాసమునకు ఉపయోగించు స్థలము, శాశ్వత కట్టడమున్న స్థలము, ఇంటిని ఆనుకొని యున్న దొడ్డి - వీనిక్రింద వేయరాదు; ఎచ్చటనైనను ఒక మీటరునకు తక్కువ లోతున వేయరాదు. అయితే ఈ రక్షణ తొలి ప్రకటనమునాటికే యున్న కట్టడములకు మాత్రమే. ప్రకటనము వెలువడిన పిదప గోడ లేపి పరిహారము కోరువానికి చట్టమున చోటు లేదు.

ఇక రైతునకు విధింపబడిన నిషేధములు 9వ సెక్షనులో నున్నవి. వెనుకటివలె పైరు వేసికొనవచ్చును. కాని ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, చెరువు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ఇప్పుడు మరల దస్తావేజులోని ఎనిమిది మాటలను చూడుడు. సిద్ధము, అనగా చేతికందు పైరు, రైతునకు మిగిలినది. జలము పోయినది. సాధ్యము, ఆగామి చాలమట్టుకు పోయినవి. వరి పండించుకొను రైతునకు నేడు లోటు కానరాదు. మామిడి తోట వేయదలచిన కుమారునకును, ఇల్లు కట్టదలచిన మనుమనికిని అది కనబడును. పట్టణము పెరిగి పొలము ఇండ్ల స్థలముగ మారుచున్న విశాఖ పరిసరములలో ఈ నష్టము స్పష్టముగ తెలియును.

ఈ నష్టమునకు చట్టము కట్టిన వెల యెంత? పైరు, చెట్లు, పొలము తాత్కాలికముగ రెండుగ చీలుట, ఇతర ఆస్తికి గాని సంపాదనకు గాని కలుగు నష్టము - వీనికి వేరుగ పరిహారము కలదు. వినియోగపు హక్కునకై తొలి ప్రకటనమునాటి మార్కెటు విలువలో నూటికి 10 వంతులు చెల్లింతురు. ఉదాహరణమునకు పట్టీ వెడల్పు 18 మీటర్లు, రైతు పొలములో దాని పొడవు 100 మీటర్లు అనుకొందము. విస్తీర్ణము 1,800 చదరపు మీటర్లు, అనగా సుమారు 44 సెంట్లన్నర. ఎకరము విలువ 10 లక్షల రూపాయలైనచో ఆ భాగము విలువ 4 లక్షల 45 వేలు. హక్కునకు వచ్చునది 44 వేల 500 రూపాయలు. ఎకరము విలువను 5 లక్షలుగ లెక్కించినచో అది 22 వేల 250కి దిగును. కాబట్టి నూటికి పది యను పాలు బేరమునకు లొంగదు. విలువ యెంతయను ప్రశ్నయే బేరమునకు లొంగును. రిజిస్ట్రేషను కార్యాలయపు ధరకును, ఊరిలో వాస్తవముగ చెల్లు ధరకును గల తేడాయే తగవునకు మూలము. మనవారు స్టాంపు సుంకమునకు వెరచి దస్తావేజులలో తక్కువ ధర వ్రాయించుకొను అలవాటు ఇచ్చట వారికే ఎదురు తిరుగును.

2013 నాటి భూసేకరణ చట్టము పూర్తి స్వాధీనమునకు పరిహారమును ఎంతయో పెంచినది. గొట్టముల చట్టమును తన నాలుగవ షెడ్యూలులోని 13 చట్టములలో ఒకటిగ చేర్చినది. అయినను ఇచ్చట సేకరింపబడునది భూమి కాదు, వాడుకయే గనుక, గొట్టముల చట్టమునందలి పదవ వంతు లెక్క అట్లే నిలిచినది. 2016లో సుప్రీం కోర్టు గొట్టముల చట్టము రాజ్యాంగబద్ధమేనని తీర్పు చెప్పెను. సమర్థాధికారి నిర్ణయించిన పరిహారము సమ్మతము గానిచో జిల్లా న్యాయాధిపతి నాశ్రయింపవచ్చును. ఆయన నిర్ణయమే చట్టరీత్యా తుదిది.

విశాఖనుండి విజయవాడకు చమురు గొట్టము 1990ల దశకపు చివరి సంవత్సరములలో పనిచేయ నారంభించెను; తరువాత అది సికిందరాబాదు వరకు పొడిగింపబడి సుమారు 570 కిలోమీటర్ల బాట యయ్యెను. వంటవాయువు కొరకు విశాఖ-సికిందరాబాదు గొట్టము మరియొకటి 2000 తరువాతి తొలి సంవత్సరములలో వచ్చెను. ఒకే పొలమున రెండవ గొట్టమునకు మరల ప్రకటనము రావచ్చునని దీనివలన తెలియుచున్నది. మొదటిసారి ఉదాసీనుడైనవాడు రెండవసారికైనను మేలుకొనవలెను.

గొట్టపు బాటలో ధనమునకు మించిన ప్రశ్న ప్రాణరక్షణము. 1997 సెప్టెంబరు 14 ఉదయమున విశాఖ శుద్ధి కర్మాగారమున, ఓడనుండి వంటవాయువును దించుచున్న సమయమున వాయువు వెలువడి మంటలంటుకొని 60 మంది వరకు మరణించిరి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నాటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామమున సహజవాయువు గొట్టము పగిలి 20 మందికి పైగా ప్రజలు అగ్నికి ఆహుతులైరి. కొబ్బరి తోటలు మాడిపోయినవి. మరణించినవారిలో పెక్కుమంది గొట్టమునకు పొరుగున నున్నవారే కాని బేరములో పాల్గొన్నవారు కారు. ఇల్లు కట్టరాదు, చెట్టు నాటరాదను నిషేధములు వ్యర్థమైనవి కావని ఈ సంఘటనలు చెప్పుచున్నవి. అయితే జాగ్రత్త రైతునకు మాత్రమే విధి కారాదు. గొట్టము తుప్పును పరీక్షించుట, వాసన వచ్చినదని చెప్పిన వెంటనే వచ్చి చూచుట సంస్థకు విధి. గ్రామము అడుగవలసిన వానిలో రూపాయలకంటె ముందుగ అడుగవలసినది ఇదియే.

ఇంతవరకు పట్టా గలవానిని గూర్చి చెప్పితిని. పట్టా లేనివాని మాట యేమి? ఫిషింగ్ హార్బరు జాలరికి సముద్రమున సర్వే నంబరు లేదు. అతని తాత తెప్పపై పోయిన త్రోవ, వల వేసిన తావు, ఒడ్డున వల ఆరవేసిన ఇసుక - ఇవి యన్నియు అనుభవముచే వచ్చినవే కాని దస్తావేజుచే వచ్చినవి కావు. గొట్టముల చట్టము ‘భూమియందు ఆసక్తి గలవాని’ కష్టమును లెక్కించును. నీటియందు బ్రదుకు గలవానిని గూర్చి మాటలాడదు. 2021 చివర నక్కపల్లి ప్రాంతమున రాజయ్యపేట మత్స్యకారులు మందుల పరిశ్రమ వ్యర్థజలపు గొట్టము సముద్రమున వేయరాదని నెలల తరబడి దీక్ష సాగించిరి. అది చమురు గొట్టము కాదు, చట్టమును వేరు. కాని ప్రశ్న యొక్కటే. అభ్యంతరము చెప్పుకొనుటకు రైతునకు 21 దినముల గడువైనను కలదు. జాలరికి శిబిరము వేసికొని కూర్చుండుటయే అభ్యంతర పత్రమైనది. పట్టా గలవాడు తన హక్కును సాధించుకొనునపుడు, పట్టా లేని కౌలుదారుని, జాలరిని మరచుట న్యాయము కాదు.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసిన వ్యవహార సూత్రములు కొన్ని కలవు. సర్వేదారులు వచ్చినపుడు వారిని తరిమివేయుట వలన ప్రయోజనము లేదు. చట్టము వారికి ప్రవేశము నిచ్చినది. వారు గుర్తురాళ్ళు పాతకమునుపే పొలములోని తాటి, జీడిమామిడి, కొబ్బరి చెట్ల లెక్కను, బోరుబావిని, గట్లను, బోదెలను వ్రాసికొని ఛాయాచిత్రములు తీయించి, గ్రామ పెద్దల సంతకములు పొందవలెను. అడంగలులో సాగుదారుని పేరు సరిగా నున్నదో లేదో చూచుకొనవలెను. పైరు నష్టము సాగుచేసినవానిది, హక్కు విలువ పట్టాదారునిది. గొట్టమును పొలము నడుమనుండి గాక గట్టు వెంబడి మరల్పుమని అభ్యంతర పత్రములో పటముతో సహా కోరవచ్చును; కారణము చూపని అభ్యంతరముకంటె మార్గము చూపిన అభ్యంతరమునకు బలము హెచ్చు. త్రవ్వినపుడు పై మన్నును వేరుగ నుంచి, పూడ్చునపుడు పైననే వేయవలెనని వ్రాయించుకొనవలెను. లేనిచో సారవంతమైన మన్ను అడుగునకు పోయి, చవుడు పైకి వచ్చును. మరమ్మతునకై మరల వచ్చినపుడు కలుగు పైరు నష్టమునకును పరిహారము కలదని మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఒక్కొక్క రైతు వేరువేరుగ సంతకము చేయుటకంటె ఒక గ్రామపు రైతులందరును ఒకే సర్వే పటము ముందు కూర్చుండుట. పొరుగున నున్న రెండు పొలములకు రెండు విలువలు కట్టబడినపుడు అది అందరికిని తెలియవలెను.

దీనికి తగిన చోటు గ్రంథాలయము కంటె వేరొకటి లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి ఈ ఉద్యమము పల్లెలలో పత్రికను చదివి వినిపించుటను తన విధిగ నెంచినది. కథలు, పురాణములు, పత్రికలు మన బీరువాలలో చేరినవి. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున వానికి మరియొక సంపుటమును చేర్చుదము: మన గ్రామపు సర్వే పటము, అడంగలు నకళ్ళు, మన పొలములను తాకిన ప్రతి గెజిటు ప్రకటనము, దానికి మనవారు పెట్టిన ప్రతి అర్జీ, వచ్చిన ప్రతి ప్రత్యుత్తరము. 21 దినములు మిక్కిలి చిన్న గడువు. పత్రికలో మూల నచ్చైన ప్రకటనమును ఒక్కరు చదివి పదిమందికి చెప్పినచో ఆ గడువు చాలును; ఎవ్వరును చదువనిచో 21 సంవత్సరములైనను చాలదు.

మన పూర్వులు దస్తావేజులలో ఎనిమిది భోగములను ఒక్కొక్క మాటగ వ్రాయించుకొనిరి. నేలక్రింద గొట్టము పోవుచున్నపుడు ఆ మాటలలో ఏది మిగిలినదో, ఏది పోయినదో, పోయినదానికి ఎంత వచ్చినదో వ్రాసి యుంచుట మన తరము బాధ్యత. ఆ వ్రాత మన గ్రంథాలయమున భద్రముగ నిలిచి రాబోవు తరములకు ఉపకరించుగాక.